వల్లెవేసిన సాక్ష్యం

ఆగస్టు 8, శుక్రవారం. బురైదా, సౌదీ అరేబియా.

ఇస్సాక్ ఇంకా కళ్ళు తెరవలేదు.

ఆగస్టు 9

నిన్న ఒక్క వాక్యం దగ్గరే కలం ఆగింది. ముప్పై ఏళ్ళ దినచర్య పుస్తకాలలో ఇంత చిన్న పుట నాకు గుర్తు లేదు.

ఈరోజు సాయంత్రం అసర్ నమాజు కాగానే ఫారూఖ్ మమ్మల్నందరినీ భోజనాల గదిలో కూర్చోబెట్టాడు. పదకొండుమందిమి ఉండవలసిన చోట పదిమందిమి; ఇస్సాక్ ఆసుపత్రిలో. నేల మీద సుఫ్రా, అందరం చుట్టూ కూర్చుని తినే గుడ్డ, పరిచి ఉంది గాని దాని మీద అన్నం లేదు. ఫారూఖ్ నా చెల్లెలి కొడుకు, ఈ ఖర్జూరపు తోటకు మేస్త్రీ. రాయచోటి చుట్టుపక్కల పల్లెల నుంచి ఇక్కడికి చేరిన ప్రతివాడూ అతడు తెప్పించిన వీసా మీద వచ్చినవాడే. నేనూ అంతే. చూపు మసకబారి ఊళ్ళో ట్యూషన్లు కూడా మానుకున్నప్పుడు స్టోరు తాళంచెవులు నా చేతిలో పెట్టి "కూర్చోని తిను మామూ" అన్నవాడు అతడే. ఆ మాట మరువరానిది.

"ఎల్లుండి లేబర్ ఆఫీసోళ్ళు వస్తారంట," అన్నాడు. "అందరి నోట్లో ఒకే మాట రావల్ల. ఇస్సాక్ గాడు చెట్టు మింద లేడు. రూములో పండుకోనుండాడు. ముందు రోజు నుంచే జరం. తిన్యాక పడిపాయ. అంతే."

"మరి నేను చెట్టెక్కి దింపిందెవుర్నబ్బా, జిన్నునా?" అన్నాడు ఫయాజ్. ఎవరూ నవ్వలేదు.

జూన్ నడుమ నుంచి సెప్టెంబరు నడుమ దాకా, పగలు పన్నెండు మొదలు మూడు వరకు ఎండలో ఎవరి చేతా పని చేయించరాదన్నది ఇక్కడి చట్టం. అది తప్పిందని తేలితే తోట మూతపడుతుందనీ, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా ఒక్కరిది కూడా మళ్ళీ రెన్యూ కాదనీ ఫారూఖ్ చెప్పాడు. పదిమంది వెనుక పది ఇళ్ళున్నాయి.

"నువ్వు రాసియ్యి మామూ. నీ అంత చక్కంగా ఎవురికీ రాదు."

రాశాను. తొమ్మిది వాక్యాలు. మొదటిది ఇలా సాగుతుంది: "మధ్యాహ్న భోజనానంతరం ఇస్సాక్ తన మంచంపై విశ్రమిస్తూ ఉండగా, మునుపటి దినం నుండి పీడిస్తున్న జ్వరం అధికమై అకస్మాత్తుగా స్పృహ కోల్పోయినాడు." కర్త, కర్మ, క్రియ ఎక్కడా తడబడలేదు. చాలాకాలానికి చేతికి పని దొరికింది.

దీనిని అబద్ధమనడం మొరటుతనం. పదిమంది క్షేమం కోరి పలికే మాటకు శాస్త్రాలలో వేరే పేర్లున్నాయి. గుర్తు తెచ్చుకొని రేపు రాస్తాను.

ఆగస్టు 10

పొద్దంతా పాఠమే. కాగితం చూసి చెప్తే దొరికిపోతామని ఫారూఖ్ అనడంతో వల్లెవేయించాను. చిన్నప్పుడు మాకు పద్యాలు ఎలా నేర్పారో అలాగే: ముందు నేను, వెంట వాళ్ళు, మొదట పాదాలుగా విరిచి, తరువాత కలిపి. ఖర్జూరపు పెట్టెలు పేర్చుతూ తొమ్మిదిమంది మగవాళ్ళు "అకస్మాత్తుగా స్పృహ కోల్పోయినాడు" అని ఒక్క గొంతుతో అంటుంటే ముచ్చట వేసింది. ముచ్చట వేసిందని రాయడానికి ఇప్పుడు సందేహిస్తున్నాను గాని, వేసిన మాట నిజం.

లారీ నడిపే సురేంద్రకు 'పీడిస్తున్న' నోరు తిరగలేదు.

"అయివారా, 'జరం పట్టుకోనింది' అంటే సాలదా?"

"చాలదు. వాక్యం కుంటుతుంది."

"కుంటనీండి పాపం, అది గూడ మనతోపాటు ఎండలో పనిజేసె," అన్నాడు ఫయాజ్. ఫారూఖ్ కసిరాడు.

సాయంత్రానికి సురేంద్రకు కూడా వచ్చేసింది. ఒక్క తప్పు లేదు.

ఆగస్టు 11

వచ్చారు, వెళ్ళారు. అధికారి యువకుడు, మితభాషి. వెంట దుబాసీగా మతీన్ అనే హైదరాబాదు మనిషి వచ్చాడు. ఒక్కొక్కరినీ స్టోరు గదిలోకి పిలిచి అడిగారు. నేను బయట నీడలో కూర్చుని కిటికీ గుండా అంతా విన్నాను. ఫయాజ్ చెప్పాడు, తరువాతివాడు చెప్పాడు, ఆ తరువాతివాడు. సురేంద్ర 'పీడిస్తున్న' దగ్గర ఊపిరి తీసుకున్నాడు, కాని తప్పలేదు. చివర నేను. నేనూ అదే చెప్పాను.

పోతూ పోతూ మతీన్ గేటు దగ్గర ఆగాడు.

"మీరేనా సార్, తెలుగు పంతులు?"

"ఒకప్పుడు."

"గదే అనుకున్న. చెట్లెక్కేటోళ్ళు 'విశ్రమిస్తూ ఉండగా' అంటుండ్రు. మా నాయనమ్మ తీస్కపోయిన హరికథల ఇన్న గీ మాటలు. మళ్ళ ఇవ్వాళనే."

నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఆగస్టు 12

మతీన్ ఫోను. అధికారికి తెలుగు రాదు, కాని చెవులున్నాయి. పదిమంది ఒకే చోట ఊపిరి పీల్చడం, ఒకే చోట ఆగడం గమనించాడట. "ఇరవై ఒకటిన మళ్ళొస్తుండు సార్. ఊకెనే రాడు. జర సోచాయించుండ్రి."

తప్పు నాది. దోషం లేకుండా రాసినందువల్ల జరిగిన దోషం. ఫారూఖ్‌కు చెప్పాను.

ఆగస్టు 13

గంట సంగతి ఎవరూ అడగలేదు.

ఆగస్టు 14

ఇస్సాక్ కళ్ళు తెరిచాడు. మనిషి దక్కాడు గాని, వేడికి మూత్రపిండాలు రెండూ దెబ్బతిన్నాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్ యంత్రం ఎక్కిస్తున్నారు.

చిన్నమండెం నుంచి అతని భార్య సలోమి ఫోను చేసింది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు. కచేరీలో గుమాస్తాను అడిగినట్లు అడిగింది.

"అయివారూ, ఆయన యాడుండె పడిపోయినప్పుడు?"

"గదిలో ఉన్నాడని..."

"అని ఎవురు చెప్పినారు? మీరు సూసినారా?"

"అమ్మా, నేను స్టోరులో ఉన్నాను."

"ఇరవై ఎనిమిదికి ఇంటికి పంపిస్తారంట గదా. ఫారూఖన్న చెప్పినాడు. ఫైనల్ ఎగ్జిట్ అంట. ఈడికొస్తే ఆ మిషనుకు కడపకు పోవల్ల, వారానికి మూడు తూర్లు. బస్సులో కూచునే ఓపిక ఉందా ఆయనకు? అది చెప్పండి సాలు."

ఉందని చెప్పాను. నాకు తెలియదు. నేను ఆసుపత్రికి ఇంకా వెళ్ళలేదు.

ఆగస్టు 15, శుక్రవారం

మతీన్‌కు నేనే ఫోను చేశాను, ఎవరి ఎదుటా కాకుండా. పనిలో దెబ్బతిన్నవాడైతే నయమయ్యేదాకా ఇక్కడే వైద్యం జరగాలట, యజమాని పంపివేయరాదట. గదిలో జ్వరంతో పడిపోయినవాడైతే, ఆ జ్వరం వాడిది. మా తొమ్మిది వాక్యాలు అతణ్ణి చెట్టు మీద నుంచి దింపి మంచం మీద పడుకోబెట్టాయి. మంచం మీద నుంచి నేరుగా విమానంలోకి.

తోటలో పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజులో అందరికీ ముందు నిలబడి చదివేది నేనే. ఆరేళ్ళుగా అంతే. ఈరోజు ఆలోచించకుండా ఎత్తుకున్న ఖురాన్ అధ్యాయంలో సాక్ష్యాన్ని గురించిన వాక్యం ఉంది: నీకే విరుద్ధమైనా, కన్నవారికీ అయినవారికీ విరుద్ధమైనా న్యాయం పక్షాన సాక్షివై నిలబడమనేది. అది నాలుగు వాక్యాల దూరంలో ఉందనగా గుర్తుకు వచ్చింది. అక్కడే ఆపి రుకూలోకి వంగాను. వెనుక వరుసలో ఎవరికీ తెలియలేదు.

శాస్త్రాలలో ఆ పేర్లు ఇంకా గుర్తుకు రాలేదు.

ఆగస్టు 17

ఫారూఖ్ స్టోరుకు వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"మామూ, ఈసారి పదిమందికి పది రకాలుగా రాయి. ఒకడు జరం అనల్ల, ఇంగొకడు వాంతులనల్ల. ఒకడు నేను సూల్లేదు అనల్ల. తప్పులు గూడ పెట్టు. నువ్వు తప్పులు పెట్టేది నేర్చుకోవల్ల ఇప్పుడు."

నవ్వాడు. అలసిపోయిన నవ్వు. ఈ పది రోజుల్లో అతని గడ్డం నెరిసినట్లు కనిపించింది. అతడు పుట్టినప్పుడు చెవిలో అజాన్ పలికింది నేనే.

"ఇస్సాక్‌కు?"

"వానికీ ఒకటి రాయి. నువ్వే పొయ్యి చెప్పిరా. నువ్వు చెప్తే ఇంటాడు."

రాశాను. ఎవరి మాట వారి నోట ఎలా పలుకుతుందో అలా. సురేంద్రది రాస్తున్నప్పుడు సురేంద్ర గొంతే వినిపించింది. అన్నీ మొదటిదాని కంటే బాగా వచ్చాయి.

ఇస్సాక్‌ది రాయడానికి కూర్చున్నప్పుడు మాత్రం అతని గొంతు వినిపించలేదు. ఆరేళ్ళు ఒకే కప్పు కింద ఉన్నాం. ఏవో నాలుగు మాటలు పెట్టి మడిచాను.

ఆగస్టు 18

ఆసుపత్రికి వెళ్ళాను. ఇస్సాక్ మొహం ఉబ్బిపోయి ఉంది. చెయ్యి నుంచి రెండు గొట్టాలు పక్కనున్న యంత్రంలోకి పోతున్నాయి. నన్ను చూసి లేవబోయాడు.

"అయివారా! మీరొచ్చినారా ఇంత దూరం."

"ఎట్లున్నావు నాయనా?"

"ఉండా. ఈ మిషన్ సూడండి, నా రగతం బయటికి లాగి ఉతికి, మళ్ళా లోపలేస్తాది. మా సలోమి గూడ గుడ్డలు ఇంత బాగా ఉతకదు."

అతనికి ఇరవై తొమ్మిదేళ్ళు. మా శిబిరంలో ఒకే ఒక్క క్రైస్తవుడు. వచ్చిన కొత్తలో కొన్ని నెలలు వేరే పళ్ళెంలో తిన్నాడు. ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీలు పళ్ళెం, అంచు మీద చుక్కలతో పేరు చెక్కించినది. అది అతనికే ఇష్టమని మేమందరం అనుకున్నాం. అనుకోవడానికి వీలుగా ఉండేది. ఒకరోజు ఫయాజే "రాబ్బా, మాతోపాటు కూచో" అని సుఫ్రా మీదికి లాగాడు. నేను లాగలేదు. నేను ఆ రోజు సమదృష్టిని గురించి ఏదో శ్లోకం చెప్పాను.

జేబులో కాగితం ఉంది. తీయకముందే అతడే అన్నాడు:

"ఫారూఖన్న ఏం చెప్పమన్యాడో చెప్పండి అయివారా, నేర్చుకుంటా. మీరు చెప్తే మతిలో నిలుస్తాది."

"తరువాత చెప్తాలే."

"అయితే ఒక్క మాట అడగల్ల. తిట్టగాకండి." గొంతు తగ్గించాడు. "ఆ పొద్దు గంట నాకు ఇనపల్యా. గెల కోస్తాండా, సెవుల్లో గుయ్యిమంటాంది. మీరెప్పుడూ తప్పరు గదా, పన్నెండంటే పన్నెండే. మీరు కొట్టింటారు, నేనే ఇనకుండా పైనుండిపోతి. నాదే తప్పు. నా వల్ల మీకందరికీ ఎంత కష్టమొచ్చె సూడు."

నేను ఏమన్నాను? "పడుకో నాయనా" అన్నాను.

కాగితం తీయకుండానే తిరిగి వచ్చాను.

ఆగస్టు 19

రాయలేను.

ఆగస్టు 20

ఆగస్టు ఏడవ తేదీ మధ్యాహ్నం పన్నెండు గంటలకు నేను గంట కొట్టలేదు.

పదమూడు రోజులుగా ఈ ఒక్క వాక్యం చుట్టూ తిరిగి మిగిలినవన్నీ రాశాను. స్టోరు ముందు ఇనుప దూలానికి లారీ చక్రపు రిమ్ము ఒకటి వేలాడుతుంది. పన్నెండుకు దానిని ఇనుపకడ్డీతో కొట్టడం నా పని. అది మోగితే చెట్ల మీది వాళ్ళు దిగుతారు. ఆ రోజు పదకొండూ ముప్పావుకు ఫారూఖ్ వచ్చి "ఈపొద్దు కొట్టాకు మామూ, సంతకు పోయే లారీకి ఇంగా ఇరవై పెట్టెలు తక్కువుండాయి. ఒక్క గంట" అన్నాడు. నేను తలూపాను. తలూపడమే కాదు, సంతోషించాను. ఉదయం నుంచి ఒక ఆటవెలది మూడు పాదాల దగ్గర ఆగి ఉంది. గంట కొట్టకపోతే అందరూ దిగిరారు, స్టోరు నిశ్శబ్దంగా ఉంటుంది, నాలుగో పాదం దొరుకుతుంది.

ఎండ మింగి మింగి యెత్తుగా నిలిచిన
చెట్టు తలను తేనె చేరెనేమొ
నీడ లేని నేల నిలువెల్ల దీపమై

వేళ్ళ మీద గణాలు లెక్కపెట్టుకుంటూ ఉండగా ఫయాజ్ కేక వినబడింది. ఇస్సాక్ నడుముకు కట్టుకున్న పట్టా మీద తల వేలాడేసి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి అలా ఉన్నాడో ఎవరికీ తెలియదు.

ఈరోజు మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నాక చెప్పాను. వాళ్ళ వెనుక చాటుగా చెప్పడం నాకు సమ్మతం కాదు.

"రేపు నేను ఉన్నది ఉన్నట్టు చెప్తాను."

ఫయాజ్ ఎత్తిన ముద్ద పళ్ళెంలోనే వదిలాడు. ఫారూఖ్ నింపాదిగా అడిగాడు: "ఏం ఉన్నది?"

"అతడు చెట్టు మీద ఉన్నాడు. నేను గంట కొట్టలేదు."

"కొట్టొద్దని ఎవురు చెప్పినారని అడుగుతారు గదా. అప్పుడు?"

"నువ్వని చెప్తాను."

ఫారూఖ్ పళ్ళెం పక్కకు నెట్టాడు.

"మామూ, నువ్వు కొట్టల్యా అని నేను ఎవురికన్నా చెప్పినానా? ఈ పదిమందిలో నిన్ను గూడ దాచిపెడ్తాండాం గదా! నీకు అర్థం కాల్యా అది?"

అర్థమైంది. మొదటి రోజు నుంచీ అర్థమైంది. ఆ తొమ్మిది వాక్యాలు అంత బాగా కుదరడానికి కారణం అదే.

"అయివారా," అన్నాడు సురేంద్ర, "నా ఇఖామా వచ్చే నెల్లో అయిపోతాది. ఇల్లు సగం లేసి నిలబడింది. మీరు పెద్దోళ్ళు, ఎట్లైనా ఇంటికి పొయ్యేవోళ్ళు. మేము?"



"పద్యాలు చెప్పేటోడు సాక్ష్యం చెప్తే ఎవురు నమ్ముతారులే," అన్నాడు ఫయాజ్. "ఛందస్సు సరిపోయిందా అని అడుగుతారు." మొహం మాత్రం నవ్వడం లేదు.

ఫారూఖ్ లేచి నిలబడ్డాడు. అతని గొంతు ఊరి గొంతు అయింది.

"మా అమ్మ నీ తోబుట్టువు. నేను నీ నెత్తురు. వాడెవుడు నీకు? చెప్పు, వాడెవుడు?"

"వాడు నా గంట వినేవాడు."

ఇంకేమైనా గొప్పగా చెప్పి ఉండవలసింది. అదే వచ్చింది.

ఆగస్టు 21

పదిమందిలో మొదట నన్నే పిలవమని అడిగాను.

"ఏం సార్, ఇయ్యాల ఎన్ని వాక్యాలు?" అన్నాడు మతీన్.

"నేను చెప్పేది మాత్రమే. పోయినసారి మీరు విన్నదంతా నేను రాసింది, నేను వల్లెవేయించింది. వాళ్ళను పట్టుకోవద్దని ఆయనకు చెప్పండి."

మతీన్ పెన్ను కింద పెట్టాడు. తరువాత మళ్ళీ తీసుకున్నాడు. ఏడవ తేదీ సంగతి చెప్పాను. ఫారూఖ్ పేరు చెప్పాను. చెప్పేటప్పుడు గొంతు వణకలేదు. అది నన్ను ఇప్పటికీ బాధిస్తోంది.

అధికారి ఒక్కటే అడిగాడు. మతీన్ దానిని మెల్లగా తెలుగు చేశాడు: "కొట్టొద్దంటే ఎందుకు ఊకున్నవ్ అని అడుగుతుండు."

"వద్దన్నాడు కాబట్టి కాదు. నాకూ వీలుగా ఉంది కాబట్టి."

మతీన్ దానిని అరబ్బీలో ఏమని చెప్పాడో నాకు తెలియదు. అధికారి చాలాసేపు రాసుకున్నాడు.

బయటికి వచ్చేసరికి తొమ్మిదిమంది గోడ నీడలో వరుసగా కూర్చుని ఉన్నారు. ఎవరూ తలెత్తలేదు.

ఆగస్టు 22, శుక్రవారం

సుఫ్రా చుట్టూ చోటు లేదు. తొమ్మిదిమంది పదకొండుమంది చోటును నింపడానికి ఎంత దూరం దూరంగా కూర్చోవాలో అంత దూరంగా కూర్చున్నారు. నా అన్నం ఫ్రీజరు మీద పెట్టి ఉంది, విడిగా. పళ్ళెం తీసుకున్నాక అంచు మీద వేలికి చుక్కలు తగిలాయి. ఇ, స్సా, క్.

ఎవరు పెట్టారో. తిట్టడానికి పెట్టారో, మరో పళ్ళెం దొరకకనో. తిన్నాను. అన్నం చల్లారలేదు.

ఆగస్టు 23

నాలుగో పాదం వచ్చింది. పిలవకుండానే.

దింపలేని నోట తీపి గలదె

యతి సరిపోయింది. ఇక ఆ పద్యం ఎవరికీ వినిపించను.

శాస్త్రాలలో ఆ పేర్లు కూడా ఇక వెతకను.

ఆగస్టు 24

మగ్రిబ్‌కు కాళ్ళూ చేతులూ కడుక్కుని వుజూ చేసి నేను వచ్చేసరికి ఫారూఖ్ ముందు నిలబడి ఉన్నాడు. అతని వెనుక వరుస గోడ నుంచి గోడకు నిండి ఉంది. ఏడుగురు, ఆ గదికి సరిగ్గా పట్టేంతమంది. సురేంద్ర ఎప్పటిలాగే బయట చెప్పుల దగ్గర కూర్చుని ఉన్నాడు.

నేను వెనుక ఒంటరిగా నిలిచాను. నిండిన వరుస వెనుక ఒంటరిగా నిలబడినవాడు ముందువారిలో ఒకణ్ణి భుజం తట్టి వెనక్కి తీసుకోవచ్చునని కొందరు పెద్దలు చెప్తారు, కూడదని మరికొందరంటారు. దీని మీద నేనే ఒకప్పుడు వీళ్ళకు గంటసేపు ఉపన్యసించాను. ఇప్పుడు చెయ్యి చాచితే ఫయాజ్ భుజం అందుతుంది. చాచలేదు. ఎవరిని తట్టినా అతడిని కూడా నాతోపాటు వెలివేసినట్టవుతుంది.

పంతులుగా ఉన్నప్పుడు బడిపిల్లలకు ఒక కథ చెప్పేవాణ్ణి. నూరుగురు అన్నదమ్ములు అన్యాయానికి తలలూపుతున్న సభలో ఒక్క తమ్ముడు మాత్రం లేచి ఇది తప్పన్నాడు. పరీక్షలో ఎవరికీ అతని పేరు గుర్తుండేది కాదు. "తరువాత ఏమయినాడు సార్?" అని ఒక్క పిల్లాడు అడిగాడు ఒకసారి. తరువాత అతడు ఎక్కడికీ పోలేదు నాయనా, వాళ్ళ వైపే నిలబడి వాళ్ళతోపాటే చచ్చాడన్నాను. అప్పుడది నాకు బలహీనతగా తోచింది.

ఫారూఖ్ చేతులెత్తాడు. నేనూ ఎత్తాను.

మొదటి రకాతులో వాళ్ళు వంగి లేచేలోపు ఫయాజ్ ఒక్క అడుగు వెనక్కి వేశాడు. వచ్చి నా పక్కన నిలిచాడు. మోచెయ్యికి మోచెయ్యి తగిలింది. ముందు వరుసలో అతని చోటు అలాగే ఖాళీగా ఉండి, తరువాత అటూ ఇటూ ఉన్నవాళ్ళు దగ్గరికి జరగడంతో మూసుకుపోయింది.

సలాం చెప్పి నమాజు ముగించాక అతడు నా వైపు చూడలేదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఒంటరిగా నిలబడితే నమాజు చెడుతుందని వచ్చాడా, నా కోసం వచ్చాడా, అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెప్పేస్తాడని భయం.

ఆగస్టు 27

మతీన్ ఫోను. ఇస్సాక్ ఎగ్జిట్ ఆగింది. పనిలో జరిగిన ప్రమాదంగా రాశారు, వైద్యం ఇక్కడే. రేపటి టికెట్ రద్దు. తోటకు జరిమానా పడింది, మూతపడలేదు. కఫీల్, అంటే తోట యజమాని, ఫారూఖ్‌ను మేస్త్రీ పని నుంచి తీసేశాడు; ఉండాలనుకుంటే చెట్లెక్కి ఉండమన్నాడు. నా ఇఖామా అక్టోబరుతో సరి, ఆ తరువాత లేదు. సురేంద్ర సంగతి ఇంకా తేలలేదు. రోజూ దాని గురించే దువా చేస్తున్నాను. దువా చేయడం తేలిక.

సలోమికి నేనే చెప్పాను. గంట సంగతి కూడా చెప్పాను.

"ఆయనకు చెప్పినారా?"

"నిన్న వెళ్ళి చెప్పాను."

"ఏమన్యాడు?"

"'అయితే నా సెవులు బాగుండాయన్నమాట' అన్నాడు."

ఫోను అవతల ఆమె ఏడ్చింది. మొదటిసారి.

సెప్టెంబరు 1

కొత్త మేస్త్రీ ఇంకా రాలేదు. ఉదయం నుంచి సుక్కరీ రకం ఖర్జూరపు గెలలు కోస్తున్నారు. ఫారూఖ్ నడుముకు పట్టా కట్టుకుని ఎక్కడం స్టోరు వాకిట్లోంచి చూశాను. నలభై ఆరేళ్ళవాడు, ఎక్కి చాలాకాలమైంది. రెండుసార్లు జారి, మళ్ళీ పట్టుకున్నాడు. లారీకి ఈరోజూ పెట్టెలు తక్కువే. పదకొండూ ముప్పావుకు ఆ చెట్టు మీద నుంచి అతడు నా వైపు చూశాడు. ఇంత దూరం నుంచి నా కళ్ళకు మొహం కనబడదు, చూశాడని మాత్రం తెలిసింది.

పన్నెండుకు కడ్డీ తీసుకుని కొట్టాను.

పదకొండు రోజులుగా నాతో ఒక్క మాట మాట్లాడనివాళ్ళు ఒక్కొక్కరే దిగారు. ఫయాజ్ దిగాడు. మిగిలినవాళ్ళు దిగారు. ఫారూఖ్ పైనే ఉన్నాడు. చెయ్యి లాగుతున్నా మళ్ళీ కొట్టాను, ఆపకుండా కొట్టాను.

అందరికంటే చివర ఫారూఖ్ దిగాడు. నా పక్క నుంచే నీళ్ళ కుళాయి దగ్గరికి వెళ్ళాడు. మొహం కడుక్కున్నంతసేపూ నేను కడ్డీ చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను.